మైకన్న జేబులో ఫోను

కాంట్రాక్టరు ఆమెను గేటు దాటనివ్వలేదు. కాలర్లు కుట్టడంలో ఆ చొక్కాల షెడ్డులో ఆమెకు సాటి లేరు. అయినా సరే, "మూడుసార్లు ఫోనుకు కబురు పంపాం. ఒక్కసారీ 'వస్తాను' అని నొక్కలేదు. పేరు తీసేశాం. ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకో" అన్నాడు అందరి ముందూ, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

"నాకే కబురూ రాలేదు! నా పిల్లల మీద ఒట్టు!" అని ఆమె గొంతు చించుకుంది.

గుంపు వెనకే ఉన్నాడు ఆమె మొగుడు. పక్క గోడౌనులో మూటలు మోస్తాడు, కూలీల సంఘానికి కార్యదర్శి. మైకు దొరికితే వదలడని జనం మైకన్న అంటారు. ఆ పూట మాత్రం మైకన్న జేబు మీద చెయ్యేసుకుని ఇంకో అడుగు వెనక్కి వేశాడు. కబురు వచ్చింది. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోనూ అతని చొక్కా జేబులోనే ఉంది.

మొదటిది ఏదో ప్రకటన అనుకుని చెరిపేశాడు, నిజమే. రెండోది ఏమిటో అతనికి తెలుసు. ఆ రోజు సంఘం వాళ్ళు ఇంటికి భోజనానికొస్తున్నారు. ఒక్క పూట మానేస్తే కొంప మునగదులే అని ఊరుకున్నాడు. మూడోది వచ్చేసరికి ఫోను నోరు నొక్కేసి, ఆడవాళ్ళ పని హక్కు మీద ఉపన్యాసం దంచుతున్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఛీ, ఏం బతుకు!

"నాకూ అది వాడటం నేర్పరాదూ?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. "నీకెందుకే ఆ తలనొప్పి" అని నవ్వేసేవాడు.

ఇదివరకు సూపర్‌వైజరు సాయంత్రం మిషన్ల మధ్య నిలబడి మర్నాటి పేర్లు కేకేసేవాడు. ఇప్పుడు ఆ కేక ఫోనులోకి దూరింది. పెళ్ళికాని పిల్లల ఫోన్లు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. పెళ్ళైనవాళ్ళవి మొగుళ్ళ జేబుల్లో ఊరేగుతున్నాయి. సెలవడిగే తల్లులు, కూలి పెంచమనే అక్కలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. కాంట్రాక్టరు చేతికి మట్టంటకుండా పని జరిగిపోతోంది.

"మా పిల్ల అబద్ధమాడదు! పంపకుండానే పంపానంటున్నాడు దొంగసచ్చినోడు!" అని గుండీలు కుట్టే పెద్దమ్మ గేటుకు అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక షెడ్డంతా కూర్చుంది. మిషన్లు ఆగిపోయాయి.

"మైకన్నా, మాట్లాడు!" అంటూ సంఘం మైకు తెచ్చి చేతిలో పెట్టారు.

ఒక్క మనిషి ఒట్టు నమ్మి ఇంతమంది పస్తులకు సిద్ధపడ్డారు. నిజం చెబితే పోరాటం ఇక్కడే చల్లారిపోవచ్చు. చెప్పకపోతే రేపు కాంట్రాక్టరే రుజువు చూపించి ఆమెను అబద్ధాలకోరును చేస్తాడు. మైకన్న మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"కబురొచ్చింది. నా జేబులోకే వచ్చింది. ఆమెకు నేను చెప్పలేదు. తప్పు నాది."

కాంట్రాక్టరు విరగబడి నవ్వాడు. "విన్నారుగా! మొగుడూ పెళ్ళాల తగువుకి నా గేటు మూస్తారా? లేవండి, లేవండి!"

ఆమె మొగుడి వైపు చూసిన చూపుకు అతనికి భూమిలో కూరుకుపోవాలనిపించింది. తర్వాత ఆమె కాంట్రాక్టరు మీదికి తిరిగింది.

"మా ఇంటి తగువు నేను తేల్చుకుంటా. పని చేసేది నేనైతే పిలుపు ఆయన జేబుకా? ఎదురుగా మిషను మీదున్నదాన్ని నోటితో పిలవడానికి నీకేం రోగం? పేర్లు మళ్ళీ అందరి ముందూ చదువు. తీసేసినవాళ్ళందర్నీ లోపలికి తీసుకో. ఫోనే కావాలంటే మా చేతికివ్వు, పనిగంటల్లోనే నేర్పు!"

"నేర్పు! నేర్పు!" అని గేటంతా హోరెత్తింది. పెద్దమ్మ గోల విని వచ్చిన మొగుళ్ళను కూడా వదల్లేదు. "గుడ్లప్పగించి చూస్తారేం? మీరేమన్నా తక్కువ తిన్నారా?"

కాంట్రాక్టరు తన ఫోను తీశాడు. "అందరికీ పిలుపు పంపుతున్నా. కాలర్లదానా, నీ పేరూ కలిపాను. ముందు నొక్కినవాళ్ళకే పని. మిగతావాళ్ళు దిక్కున్నచోట చెప్పుకోండి."

మొగుళ్ళ జేబులు ఒక్కసారిగా మోగాయి. మైకన్న ఫోను తీసి ఆమెకిచ్చాడు.

"ఎక్కడ నొక్కాలి?"

"ఇదిగో, ఈ పచ్చ గుర్తు మీద. నీ పని నీకొస్తుంది."

"నాకొక్కదానికేనా?"

ఆమె పచ్చ గుర్తును చూసింది, నేల మీద కూర్చున్న పెద్దమ్మను చూసింది. ఫోను నొక్కకుండానే పైకెత్తి పట్టుకుంది. పక్కనున్న అక్క తన మొగుడి జేబులోంచి ఫోను లాక్కుని పైకెత్తింది. పెళ్ళికాని పిల్లలూ ఎత్తారు. గేటు ముందు చేతులన్నీ లేచాయి. ఫోన్లు మోగి మోగి ఊరుకున్నాయి. ఒక్కరూ నొక్కలేదు.

మైకన్న మైకు ఆమె ముందు పెట్టి, వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. ఫోను ఆమె తిరిగివ్వలేదు. అతను అడగలేదు.