మూడు గంటల మందు

ఆస్పత్రికి వెళ్లే రోజున ఆవిడ పొద్దున్నే లేచి రెండు పూటల వంటా ఒక్కసారే చేసేస్తుంది. అత్తగారి మాత్రలు పూటపూటకీ విడివిడిగా పొట్లాలు కట్టి, అప్పుడు తన కేన్సర్ సంగతి చూసుకుంటుంది. "నువ్వెళ్లేది పడుకోవడానికేగా, త్వరగా వచ్చెయ్," అంటాడు మొగుడు. "కుర్చీలో కూర్చుంటే మందు దానంతటదే ఎక్కుతుంది. అదృష్టవంతురాలివి," అంటుంది అత్తగారు. పదిహేడేళ్లలో ఆ ఇంట్లో ఆవిడ కూర్చోగా చూసినవాళ్లు లేరు మరి, కూర్చోవడమంటే భోగమనే అనుకుని ఉంటారు పాపం!

మందు మూడు గంటలు ఎక్కాలి. ఆ రోజు మొదలుపెట్టడమే ఆలస్యమైంది. వండిన అన్నం గిన్నెలో ఉన్నా, ఆవిడ చెయ్యి పడితే గానీ ఆ ఇంట్లో కంచంలోకి రాదు. గడియారం కేసి చూసి చూసి, నర్సు పక్క మంచం వైపు తిరగ్గానే, మందు గొట్టానికున్న చిన్న చక్రాన్ని పైకి తోసేసింది, పొయ్యి మంట పెంచినంత తేలిగ్గా. చుక్కలు గబగబా రాలాయి. హమ్మయ్య అనుకుంది.

"ఎవరు తిప్పారిది?"

ఐదు నిమిషాలైనా కాకముందే నర్సు చూసేసింది. చక్రం బిగించి, బీపీ చూసి, డాక్టరుకి ఫోన్ చేసింది. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనే సిస్టర్. ఇంటికెళ్లి వడ్డించాలి."

తిట్లు తప్పవనుకుంది. తిట్లు ఆవిడకి కొత్తా? కానీ నర్సు స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"అదే మందు కదా, ఎంత తొందరగా ఎక్కితే ఏంటి అనుకున్నారు కదా అక్కా? ఈ మందు అలా కాదు. నెమ్మదిగా ఎక్కుతుంటే, ఒకపక్క నుంచి ఒళ్లు దాన్ని సర్దుకుంటూ ఉంటుంది. తోసేస్తే సర్దుకోలేదు. వేగం రెట్టింపు చేస్తే రక్తంలో మందు రెట్టింపు కంటే ఎక్కువే పేరుకోవచ్చు. బీపీ పడిపోవచ్చు, వేళ్లు మొద్దుబారొచ్చు. అప్పుడు తర్వాతి డోసు ఆపాల్సొస్తుంది. మీరు బతకాలి కదక్కా?"

జబ్బు బయటపడ్డ దగ్గర్నుంచీ ఎప్పుడు తగ్గుతుందని అడిగినవాళ్లే గానీ, నువ్వు బతకాలి అన్నవాళ్లు లేరు. ఆవిడకి ఏడుపు ఆగలేదు. నర్సు దుప్పటి కప్పి, గోరువెచ్చటి నీళ్లు తెచ్చిచ్చి, రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది, స్పర్శ తెలుస్తోందా అని. పదివేళ్లూ తెలుస్తున్నాయి. ఈ పిల్ల చల్లగా ఉండాలి, కన్నవాళ్లు చల్లగా ఉండాలి అని మనసారా అనుకుంది ఆవిడ. మిగిలిన మందు నెమ్మదిగా ఎక్కించి, సాయంత్రం దాకా కనిపెట్టి చూడమన్నాడు డాక్టరు. అంతసేపూ తన ఒంటికోసం తను ఊరికే పడుకోవచ్చు! ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఫోన్ మోగింది. మొగుడు.

"ఇంకా ఎంతసేపు? అమ్మ ఆకలితో కూర్చుంది."

"సాయంత్రం దాకా రాను. వండే వచ్చాను, వడ్డించండి."

"నేనా?"

"మీరే. మీ చేతికి సూది లేదు కదండీ."