పాత నీళ్లు

మాణిక్యమ్మ చేపల్ని చంపింది ఆమె ఆడపడుచు బుల్లెమ్మ. అందులో వాదించడానికి ఏమీ లేదు. బుల్లెమ్మ కూడా ఏనాడూ కాదనలేదు.

చేపల తొట్టి కట్టింది వెంకటప్పయ్య. బెజవాడ వన్ టౌన్‌లో అతనికి పటాలు కట్టే కొట్టుంది. గుండెజబ్బుతో మంచం దిగకూడదని డాక్టరు చెప్పాక భార్య మాణిక్యమ్మ రోజంతా గోడకేసి చూస్తూ పడుకునేది. ఆ గోడ పక్కన కదిలేది ఏదైనా ఉంటే బాగుండుననిపించి, ఇనుప చట్రం చేయించాడు. కొట్లో ఉన్న మందపాటి అద్దాలు కోసి, లప్పం పెట్టి బిగించాడు. మొదటిసారి మూల కారి ఆమె పక్కంతా తడిసింది. మాణిక్యమ్మ పగలబడి నవ్వింది.

"దేవుళ్లు కదలరు గనక మీ పటాల్లో నిలిచారండీ. ఇవి నీళ్లు!"

ఊడదీసి మళ్లీ కట్టాడు. కృష్ణ ఇసక కడిగి పరిచాడు. బందరు కాలువ నాచు తెచ్చి నాటాడు. మొదట తెచ్చిన చేపలు బతకలేదు. కుళాయి నీళ్లలో బ్లీచింగు. అప్పట్నుంచి నీళ్లు గంగాళంలో పట్టి, ఎండలో ఉంచి, వాసన పోయాకే పోసేవాడు. అదీ కాసినే. చెంబుతో కొంచెం తోడి, తోడినంతే పోయాలి.

"పాత నీళ్లే వాటికి ఇల్లు" అనేది మాణిక్యమ్మ, మంచం మీంచి పెత్తనం చేస్తూ. "ఇల్లు మొత్తం ఒక్కసారి పీకేస్తే ఎవరికైనా ఊపిరాడుతుందా?"

తర్వాత తెచ్చిన వాటిలో ఒక నల్ల చేప కడుపుతో ఉంది. ఆ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తెల్లారి కళ్లు తెరవగానే ఆమె అడిగే మాట ఒకటే.

"నల్లపిల్ల నీళ్లాడిందా?"

"ఇంకా లేదు."

"నేను చూసినా చూడకపోయినా, పిల్లల్ని మీరు పెంచాలి. ఊఁ అనండి."

"ఊఁ" అన్నాడు.

చూడకుండానే పోయింది.

శవాన్ని కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లాక బుల్లెమ్మ ఇల్లు కడిగింది. పామర్రులో తల్లి పోయినప్పుడూ, తండ్రి పోయినప్పుడూ ఆమే కడిగింది. శవం లేచిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచకూడదు. బిందెలు వంచింది. గంగాళం బోర్లించింది. మంచం పక్క తొట్టిలోనూ నీళ్లే. చేపల్ని గిన్నెతో పదిలంగా బకెట్లోకి దింపింది. నీళ్లు పారబోసి, ఇసకా నాచూ పెరట్లో పోసి, చింతపండుతో అద్దాలు తోమింది. అప్పుడే పట్టిన కుళాయి నీళ్లు నింపి చేపల్ని వదిలింది. వరదల రోజులు. కుళాయి తిప్పితే బ్లీచింగు ముక్కుకు కొట్టేది.

వెంకటప్పయ్య తడిబట్టలతో వచ్చేసరికి తొట్టి కొత్తదానిలా మెరుస్తోంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనేరా. మైల నీళ్లు కదా. నోరులేని జీవాలు, వాటిలోనే ఎట్టా ఉంచను?"

అతను బిందె పట్టుకుని, బ్లీచింగు లేని నీళ్ల కోసం ఎదురింటి బావికి పరుగెత్తాడు. ఆ ఇంటాయన పుల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"మైలలో ఉండి బావి ముట్టుకుంటావా, వెంకటప్పయ్యా?"

"నువ్వే తోడి పొయ్యి."

"ఎందుకూ?"

"చేపలకి."

పుల్లయ్య అతని భుజం పట్టుకుని, పిచ్చివాణ్ణి నడిపించినట్టు, ఇంట్లోకి నడిపించాడు.

దీపాలు పెట్టే వేళకి మిగతా వాటితో పాటు నల్ల చేపా పక్కకు ఒరిగింది. కడుపు అలాగే ఉంది.

సంవత్సరీకానికి బుల్లెమ్మ పామర్రు బస్సు దిగి వచ్చింది. చీర చెంగు కింద గాజు సీసా. అందులో రెండు నల్ల చేపలు.

"బజార్లో కొన్నాను. అమ్మేవాడి తొట్టిలో పాత నీళ్లే పోయించుకున్నాన్రా. అడిగి మరీ పోయించుకున్నాను. ఇదుగో, దీనికి కడుపు." గది నాలుగు మూలలా చూసింది. "తొట్టేదీ?"

వెంకటప్పయ్య గోడకేసి చూశాడు. మాణిక్యమ్మ ఫొటోకి ఉన్న అద్దం మామూలు పటాలకు వేసేది కాదు, మందంగా ఉంది. కింది అంచున లప్పం మరక పోలేదు.

బుల్లెమ్మ ఆ మరకని వేలితో తడిమింది.

"తెలియక చేశాన్రా."

"తెలుసు."

"అయితే తిట్టు. నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని, నా ముందు సిగ్గేంటి? ఏడాదిగా నువ్వు ఒక్క మాటా అనవు. నాకు తిండి సయించట్లేదు. చెప్పుతో కొట్టు, పోనీ."

"సీసా నీతో తీసుకుపో."

"తమ్ముడూ..."

"విస్తర్లు వేశారు, లే. ఈ సంగతి ఇంకోసారి ఎత్తావంటే అన్నం ముందు నుంచైనా సరే, లేచిపోతాను. నా నోట మాత్రం ఇక చచ్చేదాకా రాదు."