వరసలో మధ్యవాడు

ఆకలి తీరిపోయి చాలాసేపయినా శ్రేయాస్ ఇంకో ఆమ్లెట్ పళ్ళెంలో వేసుకున్నాడు. తినడం కూడా అతని పనిలో భాగమే. ఒళ్ళు కాస్త తగ్గితే చాలు, మైదానంలో ఎదుటివాడు తలుపు నెట్టినట్టు నెట్టేస్తాడు. నమిలి, మింగి, నారింజరసం గ్లాసుని ఎడమ చేత్తో అందుకోబోయి ఆగాడు. కుడి చేత్తో తీసుకున్నాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు పొద్దున లేచినప్పటి నుంచీ మొద్దుబారి ఉన్నాయి.

ఎదురుగా కూర్చున్న ట్రెవాన్, వరసలో అతని ఎడమ పక్కన ఆడేవాడు, అది చూశాడు. చూసి, తన పళ్ళెం వైపు తల దించుకున్నాడు.

శ్రేయాస్‌కి ఇరవై రెండేళ్ళు. మూడు వందల పౌండ్ల మనిషి. మెడ ఎక్కడ ఆగి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. ముంజేతుల నిండా గీతలు. కుడిచేతి చూపుడువేలు ఒకప్పుడు విరిగి, వంకరగా అతుక్కుంది. నుదుటి మీద హెల్మెట్ ఒరుసుకునే చోట ఎప్పటికీ మానని చిన్న పుండు. కళ్ళు మాత్రం తల్లివి. పెద్దవి, మెత్తనివి, ఎవరి కాలో తొక్కి క్షమాపణ చెబుతున్నవాడి కళ్ళలా ఉంటాయి.

పుట్టింది, పెరిగింది నార్త్ కరోలినాలోని క్యారీలో. తండ్రి రాజగోపాల్ మందుల కంపెనీలో స్టాటిస్టీషియన్. తల్లి విద్య స్కూల్లో లెక్కలు చెబుతుంది. పదేళ్ళు వచ్చేసరికే శ్రేయాస్ తండ్రి చెవుల దాకా ఎదిగాడు. తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్లలో పిల్లలంతా డాన్సులు చేస్తుంటే అతన్ని చివరి వరసలో, తెరకి ఆనించి నిలబెట్టేవాళ్ళు. డాన్సు అయ్యాక అంకుల్స్ అతని చేతనే కుర్చీలు మోయించేవాళ్ళు. ఫోటోల్లో, కార్లలో, సినిమా హాల్లో చిన్నప్పటి నుంచీ అతను ఎక్కువగా విన్న మాట "కొంచెం జరుగు నాన్నా" అనేదే. హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఒకాయన అతన్ని పిలిచి, గడ్డిలో ఒక చోట నిలబెట్టి, "ఎవరొచ్చినా ఇక్కణ్ణుంచి జరక్కు" అన్నాడు. శ్రేయాస్ జరగలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి తల్లికి రెండుసార్లు చెప్పాడు.

ఫంక్షన్లలో అంకుల్స్ ఇప్పటికీ అడుగుతారు: "ఈ సంవత్సరం ఎన్ని గోల్స్ కొట్టావ్?"

"నేను కొట్టను అంకుల్. బ్లాక్ చేస్తా."

"అంటే?"

"అడ్డం నిలబడతా."

అంతకంటే చెప్పడానికి నిజంగా ఏమీ లేదు. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. నడిమివాడు సెంటర్. సెంటర్ ఎవరు ఎవర్ని ఆపాలో పిలుపు ఇచ్చి, వంగి, నేలమీదున్న బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణం తల ఎత్తి మీదికొచ్చేవాణ్ణి ఆపాలి. ప్రతిసారీ బంతిని మొదట తాకేది అతనే, మొదట వదిలేసేదీ అతనే. దాని గతి ఏమయిందో జనం అరుపుల్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

యూనివర్సిటీలో చేరి నాలుగేళ్ళు కావస్తోంది. మొదటి మూడేళ్ళు అతని పని, ప్రతి వారం రాబోయే ప్రత్యర్థి జట్టులా నటించి తమవాళ్ళ చేత దెబ్బలు తినడం. నిరుడు గెలుపు ఖాయమైపోయిన ఒక మ్యాచ్ చివర్లో కాసేపు ఆడించారు. ఈ వసంతానికి పాత సెంటర్ చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. శ్రేయాస్ మొదటిసారి మొదటి వరసలో, దాని నడిమధ్య నిలబడ్డాడు. సెప్టెంబరులో అసలు మ్యాచ్‌లు. తర్వాత వయసూ చదువూ రెండూ ఆటకి సెలవు చెబుతాయి. ఉన్నది ఈ ఒక్క ఏడాదే.

మైదానానికి వెళ్ళేసరికి ఎండ ఇంకా పల్చగా ఉంది. పైన్ చెట్ల పుప్పొడి రాలి, బెంచీలూ, నీళ్ళ డ్రమ్ములూ పసుపు పూసినట్టున్నాయి. ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. ఈ గోడ మనుషుల్ని, అంటే లైన్‌మెన్‌ని, తీర్చిదిద్దే కోచ్ హోల్‌కోమ్‌కి అరవై దాటాయి. రెండు తుంటి ఎముకలూ మార్పించుకున్న మనిషి. పడవలో నడిచినట్టు నడుస్తాడు. వాళ్ళని ముందు ఇనుప పందిరి కింద పరుగెత్తించాడు. నడుం ఎత్తితే తల తగిలేంత తక్కువ ఎత్తు పందిరి అది. తర్వాత స్లెడ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అయిదు మెత్తల వెనక పెద్ద ఇనుప చట్రం. అయిదుగురూ ఒక్కసారిగా ఢీకొని దాన్ని గడ్డి మీద తోసుకుపోవాలి. హోల్‌కోమ్ దాని మీదెక్కి నిలబడి ఈల ఊదుతాడు.

"ఒక్క చప్పుడే వినిపించాలి నాకు! అయిదు వినిపిస్తున్నాయి!"

మళ్ళీ. మళ్ళీ. ఏడో ఎనిమిదో సారి ఒకే ఒక్క చప్పుడు వచ్చింది. స్లెడ్ కదిలింది. ఆ క్షణంలో శ్రేయాస్‌కి తన ఒళ్ళు ఎక్కడ ఆగిందో, ఎడమ పక్కనున్న ట్రెవాన్ ఒళ్ళు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఈ ఆటలో అతనికి ఇష్టమైనది ఇదొక్కటే. చప్పట్లు కాదు, టీవీ కాదు.

ఆ తర్వాతి దెబ్బకే మెడ వెనక్కి విరిగినట్టయింది. ఎడమ భుజం నుంచి వేళ్ళ దాకా కరెంటు తీగ లాగినట్టు మంట పాకింది. తర్వాత మంట కూడా పోయింది. చెయ్యి అతనిది కానట్టు వేలాడింది.

అది కొత్త కాదు. అక్టోబరులో మొదటిసారి వచ్చినప్పుడు డాక్టర్ స్కాన్ తీయించి, మెడలో నరాలు వెళ్ళే దారి పుట్టుకతోనే ఇరుకని చెప్పాడు. ఇంకొకసారి ఇలా అయితే ఆట మానెయ్యాల్సిందే అన్నాడు. ఈ వసంతంలో దీనికి ముందే రెండుసార్లు అయింది. శ్రేయాస్ ఎవరికీ చెప్పలేదు. ట్రెవాన్ కనిపెట్టాడు. అతనూ ఎవరికీ చెప్పలేదు.

చేతిని బెల్టులో దోపుకుని నీళ్ళు తాగుతున్నట్టు కాసేపు నిలబడ్డాడు. స్పర్శ కొంత తిరిగి వచ్చినట్టనిపించింది. ఈల వినబడింది. తమవాళ్ళే అటూ ఇటూ విడిపోయి ఎదురెదురుగా నిలబడ్డారు.

బంతి వెనక్కి ఇవ్వడం కుడిచేతి పని కాబట్టి అది సరిగ్గానే వెళ్ళింది. తల ఎత్తాడు. ఎదుటివాడు ఎడమ పక్కగా వచ్చాడు. ఏం చెయ్యాలో శ్రేయాస్ ఒంటికి తెలుసు, వేలసార్లు చేసిందే. కాని ఎడమ చెయ్యి లేవలేదు. అతనికీ ట్రెవాన్‌కీ మధ్య సందులోంచి ఆ మనిషి బుల్లెట్‌లా దూసుకుపోయి, క్వార్టర్‌బ్యాక్ వీపు దగ్గర కాళ్ళు నిలదొక్కుకుని, రెండు చేతులూ పైకెత్తి ఆగిపోయాడు. వసంతం ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌కి ఎర్ర చొక్కా తొడుగుతారు. ఎర్ర చొక్కాని ఎవరూ తాకకూడదు. అందుకని ఏమీ జరగలేదు. అటు తిరిగి ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కి తెలియను కూడా తెలియలేదు.

"ఎవడు? ఎవడు వాణ్ణి వదిలింది?" హోల్‌కోమ్ ఊగుతూ వచ్చాడు.

"నేనే కోచ్," అన్నాడు ట్రెవాన్. "పిలుపు సరిగా వినలేదు."

"వినకపోతే ఇక్కడెందుకు? పో, రెండో జట్టులో నిలబడు."

ట్రెవాన్ హెల్మెట్ కొక్కెం విప్పుకుంటూ వెళ్ళాడు. శ్రేయాస్ వైపు చూడలేదు. అతని స్థానంలోకి ఇంకొకడు వచ్చాడు. ఇంకా మూడుసార్లు ఆడించారు. మూడుసార్లూ ఎదుటివాళ్ళు కుడిపక్కనుంచే వచ్చారు. శ్రేయాస్ ముగ్గుర్నీ ఆపాడు. హోల్‌కోమ్ "అదీ!" అన్నాడు కూడా.

విరామం ఈల వేశాక శ్రేయాస్ నీళ్ళ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళలేదు. గాయాలు చూసే మెరిడిత్ గుడారం దగ్గరికి నడిచాడు. హెల్మెట్ తీసి కింద పెట్టాడు.

"ఎడమ చెయ్యి," అన్నాడు.

ఆమె తన రెండు చేతుల వేళ్ళూ అతని చేతుల్లో పెట్టింది. "పిండు. ఇంకా. గట్టిగా పిండు."

"గట్టిగానే పిండుతున్నా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "అక్టోబరు తర్వాత ఇదే మొదటిసారా?"

"మూడోసారి."

మెరిడిత్ తిట్టలేదు. లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టర్‌కి ఫోన్ చేసింది. డాక్టర్ వచ్చి, సుత్తితో మోచెయ్యి తట్టి, మెడని మెల్లగా అటూ ఇటూ తిప్పి, పాత స్కాన్ మళ్ళీ ఒకసారి చూశాడు. మాట మెత్తగానే చెప్పాడు. మామూలుగా బతకడానికి ఆ మెడ చక్కగా సరిపోతుంది. కారు నడపొచ్చు, ఈత కొట్టొచ్చు, రేపు పిల్లల్ని ఎత్తుకోవచ్చు. దీనికి మాత్రం పనికిరాదు.

ప్రాక్టీసు ముగిశాక హోల్‌కోమ్ వచ్చాడు. బల్ల మీద శ్రేయాస్ పక్కనే కూర్చున్నాడు. బల్ల కిర్రుమంది.

"ముందే చెప్పాల్సింది మూక్," అన్నాడు. ముక్కామల అనే ఇంటిపేరు ఆయన నోట మొదటి రోజే అలా చిక్కిపోయింది.

"ముందే చెప్పినా ఇదే జరిగేది కదా కోచ్."

"జరిగేది."

"ట్రెవాన్ పొరపాటు కాదది. పిలుపు విన్నాడు. వదిలింది నేను."

హోల్‌కోమ్ కొంచెంసేపు తన మోకాళ్ళు రుద్దుకున్నాడు. "వాడు రేపు మొదటి జట్టులోనే ఉంటాడు," అన్నాడు. లేవడానికి శ్రేయాస్ భుజం ఆసరా తీసుకున్నాడు. కుడి భుజం.

ట్రెవాన్ నడవాలో కాచుకుని ఉన్నాడు. అప్పటికే తెలిసిపోయింది. "నిన్నెవరు చెప్పమన్నారు? నీ ఎడమ పక్క నేను చూసుకునేవాణ్ణి కదా."

"ఎన్నాళ్ళు? సెప్టెంబరులో క్వార్టర్‌బ్యాక్‌కి ఎర్ర చొక్కా ఉండదు."

ట్రెవాన్ శ్రేయాస్ ఛాతీ మీద అరచేత్తో ఒక్క తోపు తోశాడు, స్లెడ్‌ని తోసినట్టు. శ్రేయాస్ కదలలేదు. తర్వాత ఇద్దరూ కాసేపు ఒకరి భుజం మీద ఒకరు తల ఆన్చి నిలబడ్డారు.

మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో, తన కారులో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. కారు అద్దం నిండా పుప్పొడి. తండ్రి తీశాడు.

"నాన్నా, ఐ యామ్ డన్. మెడ... ఇంక ఆడలేను. నేనే చెప్పేశా వాళ్ళకి."

అవతల రాజగోపాల్ తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"చెయ్యి ఎలా ఉందిరా ఇప్పుడు?"

"ఇప్పుడు ఓకే. వేళ్ళు కదుల్తున్నాయి. నేను చెయ్యి అని చెప్పలేదు కదా నాన్నా?"

"మీవాళ్ళు ప్రాక్టీస్ వీడియోలు పోస్ట్ చేస్తారు కదా. నేను నిన్నొక్కణ్ణే చూస్తాను. బంతి ఎటు పోయిందో నాకనవసరం. పోయిన వారం నీ ఎడమ చెయ్యి లేటుగా లేచింది. మళ్ళీ మళ్ళీ ప్లే చేసి చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు నిజం చెబుతావు. చెబితే మానెయ్యాలి. ఈ ఒక్క ఏడాదీ అయిపోతే బాగుండు అనుకున్నాను. తప్పే. మీ అమ్మకి కూడా చెప్పలేదు."

శ్రేయాస్ స్టీరింగ్ మీద నుదురు ఆన్చాడు. తండ్రి కూడా తనలాగే ఆ చేతిని దాచాడు. ఏడుపు అప్పుడు వచ్చింది, పెద్దగా చప్పుడు లేకుండా. రాజగోపాల్ ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాడు.

"అమ్మకి నేను చెబుతాలే," అన్నాడు చివరికి. "నువ్వు డ్రైవ్ చెయ్యకు. మేమే వస్తాం."

వాళ్ళు వచ్చేలోగా శ్రేయాస్ లాకర్ ఖాళీ చేద్దామని లోపలికి వెళ్ళాడు. మిగతావాళ్ళంతా మీటింగ్ గదిలో పొద్దుటి వీడియో చూస్తున్నారు. మూసిన తలుపు వెనక నుంచి హోల్‌కోమ్ గొంతు, దాని మీదుగా కొత్త సెంటర్ గొంతు వినిపించాయి. పిలుపులు ఒకటి తర్వాత ఒకటి చెబుతున్నాడు. ఒక చోట తడబడ్డాడు. ట్రెవాన్ అందించాడు. కుర్రాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి తప్పు లేకుండా. శ్రేయాస్ పూర్తిగా విన్నాక కదిలాడు.

చొక్కాలు, చెప్పులు, సబ్బు ఒక సంచిలో పట్టేశాయి. తండ్రి లోపలికి రాలేదు. బయట కారు దిగి నిలబడి, సంచి అందుకోవడానికి చెయ్యి చాచాడు. తల్లి వెనక సీట్లోకి మారి, ముందు సీటు వెనక్కి జరిపించి, కొడుక్కి చోటు చేసింది. కారు యూనివర్సిటీ గేటు దాటింది.

లాకర్ అడుగున, మోకాళ్ళకి బిగించుకునే ఇనుప పట్టీలు ఒక జత ఉండిపోయాయి. అతని కాళ్ళ కొలతకే చేయించినవి, ఇంకొకరికి పట్టవు. మడత దగ్గర కొద్దిగా వంగి, ఒకదానికొకటి ఆనుకుని అవి నిలబడే ఉన్నాయి.