పాయకు అడ్డం

చలికాలం మూడు నెలలూ పిట్టల ఫోటోలు తీసేవాళ్లను బోటులో, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తీసుకెళ్లడం నా పని. బోటు నా బావమరిదిది. నడపడం నాది. నలభై ఏళ్లలో ఏ పడవనూ బురదకెక్కించలేదు. రేవులో నాకున్న పరువల్లా అదే.

పోటు నిండినప్పుడు ఉల్లంకి పిట్టలన్నీ మొగలోని ఇసుకదిబ్బ మీద చేరి, ఒంటికాలి మీద కునుకు తీస్తాయి. చలి దేశాల నుంచి ఎగిరి వచ్చినవి. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగలదు. పోటు తగ్గి, నీళ్లు తీసి బురద తేలితేనే తిండి. అప్పటిదాకా నిద్రే.

ఒకరోజు బోటు ఎక్కినాయన కెమెరా నా మోచేయంత పొడుగుంది. పిట్టలు ఎగిరే ఫోటో కోసం దిబ్బ దగ్గర హారన్ కొట్టించాడు. కొట్టాను. అది నా తప్పే. పిట్టలన్నీ లేచి చాలాసేపు తిరిగి వాలాయి. కొన్ని నిలబడలేక పొట్ట మీద కూలబడ్డాయి.

"వెలుగు కుదరలేదు. మళ్లీ లేపు."

"లేపను."

"ఏం, నీ కోళ్లా అవి?"

"కోళ్లయితే గంప కింద పెట్టుకునేవాణ్ణి."

ఆయన బావమరిదికి ఫోన్ చేసి నాకిచ్చాడు.

"బావా, అడిగింది చెయ్. నీ మొండితనం ఇంట్లో చూపించుకో."

"ఇంట్లో మీ అక్క ఊరుకోదు" అని ఫోన్ తిరిగిచ్చేశాను.

బోటును వెనక్కి తిప్పాను. వెలుగు కోసం చుట్టూ తిప్పుతున్నాననుకున్నాడు కాబోలు, కెమెరా సర్దుకున్నాడు. దిబ్బకు వెళ్లే పాయ మొదట్లో, అక్కడికి హారన్ వినపడనంత దూరంలో, బురద మెరక ఉంది. దాని మీదికి ఎక్కించి ఇంజను ఆపేశాను. అప్పటికే నీళ్లు తీయడం మొదలైంది.

"ఏమైంది?"

"దిగబడింది."

"ఎంతసేపు?"

"మళ్లీ పోటు వచ్చేదాకా."

సాయంత్రానికి బోటు తేలింది. రేవు రేవంతా నవ్వింది. బావమరిది కెమెరా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దవాడు కదండీ, కునుకు పట్టి ఉంటుంది." నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అవునని ఒక్క మాట అను బావా. రేపు మామూలుగా వచ్చెయ్."

అంటే సరిపోయేది. ఆయన కూడా మెత్తబడ్డాడు.

"కునుకు పట్టలేదు. తెలిసే ఎక్కించాను."

నవ్వు ఆగింది. బావమరిది చెయ్యి చాచాడు. తాళంచెవి ఇచ్చేశాను.

ఇంట్లో చెబితే నా భార్య, "తెడ్లు ఎక్కడున్నాయి?" అంది.

మర్నాడు పోటు నిండకముందే నా భార్యతో కలిసి మా చిన్న తెడ్ల పడవను దిబ్బకు వెళ్లే పాయలో అడ్డంగా నిలిపి, రెండు పక్కలా గడలు దింపి కట్టాను. ఆ పాయ ఒక్క బోటు పట్టేంత వెడల్పు. వేరే దారి లేదు. కాసేపటికి బోటు వచ్చింది. బావమరిదే నడుపుతున్నాడు. వెనక కెమెరా ఆయన నిలబడి ఉన్నాడు.

"బావా, అడ్డం తియ్."

"నీళ్లు తీశాక తీస్తాను."

"నీళ్లు తీస్తే ఇంజను పడవ లోపలికి రాదని తెలుసుగా."

"తెలుసు."

"అక్కా, ఈ వయసులో నీకేంటిది?"

"మీ బావకి కునుకు పడుతుందన్నావుగా. లేపడానికొచ్చా. నువ్వు గుద్దుతానంటే గుద్దు, నాకు ఈత రాదు."

వాడు ఇంజను ఆపాడు. కెమెరా ఆయన ఏదో అడిగాడు, వాడు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. గడ కొంచెం వదులైనట్టుంటే ఇంకో మూర లోతుకి దింపాను.