తాకిన రాయి

మంచు మీద బరువైన రాయిని జార్చి, దాని ముందు చీపుర్లతో ఊడ్చుకుంటూ పరుగెత్తే ఆటని కర్లింగ్ అంటారు. మా ఆవిడ సుభద్రది అనంతపురం. అక్కడ చెరుకురసం బండి దగ్గర తప్ప ఐసు కనబడదు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట న్యూజిలాండ్ సీనియర్ మహిళల జట్టులో చోటు సంపాదించింది. ఇంట్లో చీపురు పట్టడానికి బద్ధకం, అక్కడ మాత్రం దేశం తరఫున ఊడుస్తుందని ఆటపట్టించేవాణ్ణి. మేముండే ఇన్వర్‌కార్గిల్ నుంచి నేస్‌బీలోని మంచు హాలుకి ఆమెని తీసుకెళ్ళేదీ నేనే, దారి పొడవునా సణిగేదీ నేనే.

2020 ఏప్రిల్లో కెనడాలో ప్రపంచ పోటీలు. అప్పటికే ఆమె కుడి చెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్. మందులతో ఏప్రిల్ దాకా ఆడొచ్చు, ఆ పైన చెప్పలేనన్నాడు డాక్టర్. జట్టులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఆమెకున్నది ఆ ఒక్క ఏప్రిలే.

మార్చిలో కరోనా వల్ల పోటీలు రద్దయ్యాయి. సుభద్ర మెయిల్ చదివి, ఫోన్ బోర్లా పెట్టి, పప్పులో పోపు వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక గిన్నెల మీద అరిచాను.

లాక్‌డౌన్‌లో కెప్టెన్ హెలెన్ నలుగురం జూమ్‌లో మాట్లాడుకుందామంది. వచ్చే ఏడు ఇదే జట్టుతో వెళ్ళాలని ఆమె ఆలోచన.

"ఇప్పుడేం చెప్పకు. ఏడాది ఉంది కదా, అప్పటికి చూద్దాం," అన్నాను.

"చూసేదేముందండీ? వాళ్ళు ఇంకొకర్ని తయారు చేసుకోవల్ల గదా."

"నీ చెయ్యి వాళ్ళకి కనపడుతుందా ఏం?"

"కదిలే రాయికి కాలు తగిలితే, ఎవురు చూసినా చూడకపోయినా తగిలించినోళ్ళే చెప్పుకోవల్ల. మా ఆట అట్లాంటిది."

వెధవ ఆట అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

మిగతా ఇద్దరూ సరేనన్నారు. సుభద్ర వంతు వచ్చింది. వణుకుతున్న చేతిని కెమెరా ముందుకి ఎత్తి, తనని జట్టులోంచి తీసెయ్యమంది. హెలెన్ కళ్ళు తుడుచుకుని "థాంక్యూ" అంది. ఉండమని ఒక్కరైనా మాటవరసకి అనలేదు.

లాక్‌డౌన్ ఎత్తేశాక, సుభద్ర స్థానంలో ఒకామె దొరికిందని హెలెన్ ఫోన్ చేసింది. పోటీలకని ఇచ్చిన జట్టు జాకెట్ ఊసే ఎత్తలేదు. సుభద్రే, తనది ఒక్కసారి కూడా వేసుకోలేదనీ, మళ్ళీ కొత్తదెందుకనీ, పంపిస్తాననీ చెప్పింది. నల్ల జాకెట్ అది. ఛాతీ మీద తెల్ల దారంతో ఇంగ్లీషులో ఆమె పేరు కుట్టి ఉంది.

ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని ఆ పేరు విప్పడం మొదలుపెట్టింది. చెయ్యి వణికి సూది గుచ్చుకుంటోంది. నేను విప్పుతానంటే ఇవ్వలేదు. సాయంత్రానికి ఒక్క అక్షరమే మిగిలింది. అప్పటికి ఆ చెయ్యి ఇక ఏ మాటా వినే స్థితిలో లేదు. జాకెట్ నా ఒళ్ళో పెట్టింది.

"ఇది మీరు తీయండి," అంది.

నేను విప్పుతుంటే ఆమె గట్టిగా ఏడ్చింది. ఊరుకోమనలేదు. విప్పడమూ ఆపలేదు.