మొండికేసిన వేలు

ఆ నాటక సంస్థలో అన్న ముప్పై ఏళ్లుగా వయొలిన్ తప్ప మరొకటి ముట్టలేదు. చెల్లెలు అలా కాదు. ఫ్లూట్, కీబోర్డు, డ్రమ్ము, అవసరమైతే వయొలిన్ కూడా. ఎవరు రాకపోతే వాళ్ల కుర్చీలో కూర్చునేది. అందరూ ఆమెను సర్దుబాటక్క అనేవారు.

"ఏదో ఒక్కటి పట్టుకోవే. ఇలాగైతే ఏదీ పూర్తిగా రాదు" అనేవాడు అన్న.

"నలుగురికీ పనికొస్తున్నానుగా అన్నయ్యా" అని ఆమె నవ్వేసేది.

ఒకరోజు రిహార్సల్లో అన్న ఎడమచేతి ఉంగరపు వేలు తీగ మీద వాలకుండా లోపలికి ముడుచుకుపోయింది. చొక్కా గుండీలు పెట్టడానికి బాగానే పనిచేసేది. వయొలిన్ ఎత్తితే మాత్రం మొండికేసేది. నరాల సమస్య, ఏడాదిపాటు వాయించొద్దన్నాడు డాక్టరు. అన్న వయొలిన్‌ను బీరువా పైకెక్కించి, గోడకేసి తిరిగి పడుకున్నాడు.

మూడు వారాలు చూసి, చెల్లెలు డ్రమ్ము కర్రలు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"కొత్త నాటకానికి డ్రమ్ము మనిషి లేడు. దీనికి ఆ వేలితో పనిలేదు."

"ఈ వయసులో నాకు ఓనమాలా?"

"ఓనమాలే. లేచి కూర్చో."

అతని చేతులు లెక్క కంటే ముందు పరిగెత్తాయి. ఆమె నాలుగుసార్లు ఆపింది. ఐదోసారి కర్రలు విసిరేసి లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున్నే తనే వచ్చి ఆమె తలుపు తట్టాడు.

మూడు నెలలకు డ్రమ్ము వెనక కూర్చున్నాడు. అతని పాత కుర్చీలో చెల్లెలు వయొలిన్ వాయిస్తోంది. విరామంలో మెల్లగా ఆమె దగ్గరకు వచ్చాడు.

"పొడుగు స్వరం మధ్యలో నీ కమాను వణుకుతోందే."

"ఇన్నాళ్లూ వినలేదా, చెప్పలేదా?"

"చెప్పలేదు. రేపు ఇంకోటి పట్టుకుంటావులే అనుకున్నాను."

"ఇప్పుడు చెప్పు మరి."

అతని కుడిచేయికి ఏమీ కాలేదు. మేకప్ గదిలో రోజూ ఆమె మణికట్టు పట్టుకుని ఒకే ఒక్క స్వరం మీద కమాను లాగించేవాడు. విసుగుతో ఆమెకు ఏడుపొచ్చేది. ఇరవయ్యో రోజున ఆ స్వరం చివరిదాకా నిండుగా పలికింది. 

ఏడాది గడిచినా వేలు సగమే తిరిగొచ్చింది. నెమ్మది పాటలు ఇంట్లో వాయించుకోగలడు, అంతే. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా అతని ముఖం వాడిపోయేది.

తర్వాతి నాటకానికి మేనేజరు ఆమెను కీబోర్డుతో పాటు గంటలూ తాళాలూ కూడా చూడమన్నాడు.

"ఈసారి వయొలిన్ ఒక్కటే సార్. ఇంకొకరిని చూసుకోండి."

మేనేజరు నోరు తెరిచేలోపు వెనకనుంచి అన్న అన్నాడు: "అయితే ఆ గంటలూ తాళాలూ కూడా నాకే ఇవ్వండి."