నత్తమ్మ అన్నం తినేదాకా

లౌడ్‌స్పీకర్‌లో యజమాని మాట వినగానే మేమంతా చప్పట్లు కొట్టాం. అదీ మా మొదటి తప్పు.

నూట ఇరవై కుట్టుమిషన్లు హోరెత్తుతుంటే ఆయన మైకులో, "ఒకటో తారీఖు నుంచి పిల్లల ఇంటిని మూసేస్తాం" అన్నాడు. మాకు "మోసేస్తాం" అని వినిపించింది. ఆ ఇంటి పైకప్పు కారుతోంది, ఆ భారం కంపెనీయే మోయాలని ఆర్నెల్లుగా అడుగుతున్నాం కదా, దారికొచ్చాడనుకున్నాం. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, "చప్పట్లెందుకర్రా? మూసేస్తారట! మూత! తాళం!" అని గాల్లో తాళం తిప్పి చూపించాడు. కొట్టబోయిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

నాది ఆ ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. "ఇస్త్రీ వాడివి, స్త్రీల గొడవ నీకెందుకయ్యా?" అన్నవాళ్ళున్నారు. స్త్రీ లేకుండా ఇస్త్రీ ఎక్కడుందో రాసి చూపించమన్నాను. పైగా నా కూతురు రెండో వరసలో కాలర్లు కుడుతుంది. దాని రెండేళ్ళ పిల్ల ఆ ఇంట్లోనే ఉంటుంది.

మా షెడ్డు వెనక పాత గోడౌను అది. మా ఆడవాళ్ళే సెలవురోజుల్లో సున్నం కొట్టి, తుక్కుగుడ్డలతో బొంతలు కుట్టి, దాన్ని ఇల్లు చేశారు. పద్నాలుగుమంది పిల్లలు. పాలు తాగేవాళ్ళ నుంచి బడికెళ్ళబోయేవాళ్ళ దాకా ఒకే గదిలో, ఒకే కుటుంబంగా. ఐదేళ్ళ పిల్ల మూడేళ్ళవాడికి చెప్పులు తొడుగుతుంది. వాడు పాపాయి ఉయ్యాల ఊపుతాడు, ఊపి ఊపి ఏడిపిస్తాడు కూడా. వాళ్ళను చూసుకునే ఆవిడ ఒకప్పుడు మిషన్ మీద పనిచేసిందే. సూది దిగి చూపుడువేలు పోయింది. పిల్లలకే కాదు, మాకూ ఆవిడ పెద్దమ్మ.

మధ్యాహ్నం గది మధ్యలో పొట్టి బల్ల. ఎవరి గిన్నెలోకి వాళ్ళే వడ్డించుకోవాలి. అన్నం తినేవాళ్ళలో అందరికంటే చిన్నది తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, పెద్దమ్మతో సహా. ఆ చిన్నది నా మనవరాలు. నత్తలా నెమ్మదిగా, ముద్ద బుగ్గన పెట్టుకుని లోకాన్ని పరిశీలిస్తుంది. అందరిళ్ళల్లో అత్తమ్మ పెత్తనం, ఆ ఇంట్లో నత్తమ్మ పెత్తనం.

ఒకసారి మా బట్టలు కొనే పెద్ద కంపెనీవాళ్ళను యజమాని అక్కడికి తీసుకొచ్చాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ బల్ల దగ్గర కూర్చుని, నత్తమ్మ తినేదాకా లేవకుండా నవ్వుతూ ఫోటో దిగాడు. ఆ నియమం ఆయనకూ వంటబట్టిందని నమ్మాం. అది రెండో తప్పు. పెద్దది.

మైకు ప్రకటన మర్నాడు, పిల్లల్ని చూసే పని కొత్తగా దక్కించుకున్న కాంట్రాక్టరు వచ్చి వివరించాడు. ఊరి చివర కొత్త భవనమట. ఏడాదిలోపువాళ్ళకి ఒక గది, మూడేళ్ళలోపుకి ఒకటి, ఐదేళ్ళలోపుకి ఒకటి. అన్నాచెల్లెళ్ళయినా సరే ఎవరి గది వాళ్ళదే. భోజనానికి పదిహేను నిమిషాలు. విభజించి పాలించేవాళ్ళను చూశాం గానీ, విభజించి పాలు పట్టించేవాణ్ణి అప్పుడే చూశాం.

భోజనాల వేళ షెడ్డులో మీటింగు పెట్టుకున్నాం.

"యజమానికి మహజరు రాసిద్దాం, మర్యాదగా," అన్నాడు కటింగ్ మాస్టర్.

"మహజరిస్తే మన హాజరు తీసేస్తారు మాస్టారూ," అన్నాను. అందరూ నవ్వారు. నా కూతురు నవ్వలేదు.

"నీ చమత్కారాలు తర్వాత నాన్నా. పదిహేను నిమిషాల్లో నా పిల్ల రెండు ముద్దలు తింటుంది. మిగతాది ఎత్తేస్తారు. దానికేం చేద్దామో చెప్పు."

"నాలుగురోజులు పోతే అదే అలవాటవుతుందమ్మా," అన్నాడు మాస్టర్.

"ఏది, ఆకలా? మనకి అలవాటైంది చాలదూ?"

పెద్దమ్మ లేచింది. "ఒకటో తారీఖున మీరంతా వచ్చి బల్ల దగ్గర కూర్చోండి. చిన్నది తినేదాకా లేవొద్దు. ఎప్పటికైతే అప్పటికి."

"పోలీసులొస్తే?"

"వాళ్ళకీ తలా ఒక గిన్నె పెడదాం."

ఒకటో తారీఖు మధ్యాహ్నం నలభైమంది ఆడవాళ్ళు మిషన్లు ఆపి వచ్చారు. గది చాలక గుమ్మంలో, కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు పన్నెండుమందితో దిగాడు. వెనక కాంట్రాక్టరు.

"లేవండి."

"చిన్నది తినాలి బాబూ," అంది పెద్దమ్మ. "నువ్వూ కూర్చో. నెత్తిన నిలబడితే పిల్లలకి మింగుడు పడదు."

ఒక కానిస్టేబుల్ నిజంగానే టోపీ తీశాడు. ఇన్‌స్పెక్టరు చూసేసరికి మళ్ళీ పెట్టుకున్నాడు. నత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇన్‌స్పెక్టరు గుండీల్ని ఒక్కొక్కటే చూసింది. మళ్ళీ నమిలింది. నలభై నిమిషాలు ప్రభుత్వం నిలబడే ఉంది.

"తొందరేం లేదు తల్లీ, బాగా నములు!" అని కిటికీలోంచి ఎవరో అరిచారు. గదంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులో గెలిచామనే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరుకి ఫోనొచ్చింది. "సరే సార్. సరే సార్." ఫోను జేబులో పెట్టి, రుమాలు తీసి, వంగి నత్తమ్మ మూతి తుడిచాడు. మెల్లగానే తుడిచాడు.

"అయిపోయింది," అన్నాడు.

గిన్నెలో ఇంకా నాలుగు ముద్దలున్నాయి.

"అవలేదు," అంది నత్తమ్మ.

అయిపోయిందని ప్రభుత్వం తీర్మానించాక రెండేళ్ళదాని మాట ఎవడికి కావాలి? లాఠీలు లేచాయి. గిన్నెలు దొర్లాయి. బల్ల గుమ్మంలో పట్టకపోతే రంపం తెచ్చి కోశారు. పెద్దమ్మను ఈడ్చుకెళ్తుంటే ఆవిడ దారిపొడుగునా పిల్లల్ని అప్పగిస్తూనే పోయింది. "నువ్వు వీణ్ణి పట్టుకో. నువ్వు పాపని ఎత్తుకో, మెడ జాగ్రత్త."

మాది కుట్టుపని. పెద్దమ్మ మీద పెట్టింది కుట్ర కేసు. టావత్తు తీసేసి రావత్తు పెట్టడానికి వాళ్ళకి ఒక్క కలంపోటు చాలు.

మూడువారాలైంది. ఆవిడకి బెయిలు రాలేదు. కొత్త భవనంలో నత్తమ్మ గిన్నె టైముకి ఎత్తేస్తున్నారు. అక్కడి ఆయాని తిట్టలేను, ఆమె ఒక్కదాని చేతిలో ఇరవైమంది. పిల్ల మెడ సన్నబడింది, భుజం మీద తల వాల్చేస్తోంది.

అప్పుడు కంపెనీ నలభైమందినీ గేటు బయట ఆపి కాగితాలిచ్చింది. పెద్దమ్మే మమ్మల్ని రెచ్చగొట్టిందని, ఇకమీదట పని ఆపబోమని సంతకం చేస్తే ఉద్యోగం. నాకూ ఒకటిచ్చారు. నేను సంతకం పెట్టలేదు. నా ఇస్త్రీపెట్టె ఇంకొకడికిచ్చారు. కానీ నా కూతురి చేత పెట్టించింది నేనే. "ఇద్దరం వీధిన పడితే పిల్లకి పాలెలాగే?" అన్నాను. అది నా మొహం చూడకుండా పెట్టింది. నలభైమందీ పెట్టారు. ఆ కాగితాలే రేపు కోర్టులో పెద్దమ్మ ముందు చదువుతారు.

సోమవారం వాళ్ళు పనిలో చేరారు. నత్తమ్మకి జ్వరం. దాన్ని ఎత్తుకుని గేటు బయట నిలబడ్డాను.

లోపల గంట మోగింది. ఆ వెంటనే నూట ఇరవై మిషన్లు ఒక్కసారి లేవాలి. పదిహేనేళ్ళుగా వింటున్న హోరు. ఒకటి మొదలైంది. రెండోది మొదలైంది. ఇక అంతే అనుకున్నాను.

మూడోది మొదలవలేదు. కాసేపటికి ఆ రెండూ ఆగాయి.

"మా సంతకాలు మాకిచ్చెయ్యండి!" అది నా కూతురి గొంతు. "పెద్దమ్మ మమ్మల్ని రెచ్చగొట్టలేదు! మాకు మేమే కూర్చున్నాం!"

"మాకు మేమే!" అని కటింగ్ మాస్టర్ గొంతు చించుకున్నాడు. తర్వాత ఎవరి గొంతు ఏదో తెలియలేదు.

వాచ్‌మన్ గేటుకి గొలుసు బిగించాడు. రోడ్డు మలుపులో పోలీసు వ్యాన్లు తిరిగాయి. ఒకటి కాదు, మూడు. లోపలున్నవాళ్ళు గెలుస్తారని నేను చెప్పను, అబద్ధమవుతుంది. పిల్లని గేటు ఎదుట టీకొట్టు నడిపే ఆవిడ చేతిలో పెట్టి, గేటుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

వెనక స్టవ్ ఆర్పిన చప్పుడైంది. ఆవిడ పిల్లని చంకనేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.